ఒకే కాలేజీ, నాలుగు ముద్రలు

మా ఇంట్లో అటక మీద ఒక రేకు పెట్టె ఉంది. ఏటా వానలు రాకముందు దాన్ని దింపి, కాగితాలు ఎండకు ఆరబెట్టి, మధ్యలో వేపాకు వేసి మళ్లీ పైకెక్కించడం మాకు అలవాటు. మా ముత్తాత ఎఫ్.ఏ. (డిగ్రీకి ముందు మెట్టు) కాగితం మీద మద్రాసు విశ్వవిద్యాలయం ముద్ర ఉంటుంది. తాతయ్య ఇంటర్మీడియెట్ కాగితం మీద ఆంధ్ర విశ్వకళాపరిషత్తుది. నాన్న బి.ఏ. పట్టా మీద ఉత్కళ విశ్వవిద్యాలయానిది. నా పట్టా మీద బరంపురం విశ్వవిద్యాలయానిది. నలుగురమూ చదివింది ఆంధ్ర సరిహద్దున ఇప్పుడు ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలోనే, ఒకే కాలేజీలోనే. మేము ఊరు మారలేదు, విశ్వవిద్యాలయాలే మారాయి.

ఈ పెట్టె చూసిన బంధువులు ముందు నవ్వుతారు, తరువాత తికమకపడతారు. బరంపురం విశ్వవిద్యాలయం పుట్టింది 1967 జనవరి 2న. దాని నీడలో నడిచిన కాలేజీల్లో మాత్రం చరిత్ర, భాషల పాఠాలు అంతకు చాలా ముందే మొదలయ్యాయి. బరంపురంలో 1856లో జిల్లా స్కూలుగా మొదలైన సంస్థ 1878లో కాలేజీ అయింది. అదే ఖల్లికోట కాలేజీ. పర్లాకిమిడిలో రాజాగారి హైస్కూలు 1896లో కాలేజీ అయింది. అంటే తల్లి కంటే బిడ్డ వయసు డెబ్భై నుంచి తొంభై ఏళ్లు ఎక్కువ. ఈ ముడి విప్పాలంటే ‘విశ్వవిద్యాలయం’ అనే మాట దగ్గర కాకుండా ‘అనుబంధం’ అనే మాట దగ్గర మొదలుపెట్టాలి.

పాఠం ఒక ఊళ్లో, ముద్ర ఒక ఊళ్లో

1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసులలో విశ్వవిద్యాలయాలు పెట్టినప్పుడు అప్పటి లండన్ విశ్వవిద్యాలయాన్ని నమూనాగా తీసుకున్నారు. ఆ రోజుల్లో దాని పని పాఠాలు చెప్పడం కాదు, పరీక్షలు పెట్టి పట్టాలివ్వడం. మద్రాసు విశ్వవిద్యాలయమూ అలాగే నడిచింది. ఏ పుస్తకాలు చదవాలో అక్కడ నిర్ణయించేవారు. ప్రశ్నపత్రం అక్కడి నుంచి వచ్చేది. జవాబులు అక్కడ దిద్దేవారు. చెప్పే మేష్టారు, వినే పిల్లలు, సాయంత్రం చెరువు గట్టు మీద కూర్చుని వాదించుకునేవాళ్లు మాత్రం బరంపురంలోనో పర్లాకిమిడిలోనో ఉండేవారు. ఈ ఏర్పాటు పేరే అనుబంధం, వాడుకలో అఫిలియేషన్. 1904లో వచ్చిన విశ్వవిద్యాలయాల చట్టం ఏ ప్రాంతపు కాలేజీ ఏ విశ్వవిద్యాలయం కిందికి రావాలో నిర్ణయించే అధికారాన్ని ప్రభుత్వం చేతికి ఇచ్చింది. అప్పటి నుంచి కాలేజీల తలరాత పటం మీది గీతలతో ముడిపడింది.

‘ఫ్యాకల్టీ’ అన్న మాట కూడా ఇక్కడే చిక్కుపెడుతుంది. ఈనాడు మనం దాన్ని ఎక్కువగా అధ్యాపకులు అన్న అర్థంలో వాడుతున్నాం. “మా ఫ్యాకల్టీ బాగుంటారు” అని పిల్లలు అంటారు. విశ్వవిద్యాలయ చట్టాల్లో దాని అర్థం వేరు. కొన్ని శాఖలను ఒక గూటికి చేర్చి, దానికి ఒక డీన్‌ను పెడితే అది ఫ్యాకల్టీ. మద్రాసులో మొదట ఉన్నవి నాలుగే: ఆర్ట్స్, న్యాయం, వైద్యం, ఇంజనీరింగు. లెక్కలు, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం ఎక్కడ అంటే, అవీ ఆర్ట్స్ లోనే. విశాఖపట్నంలో బడి చదువు చదివిన సి.వి.రామన్ 1904లో మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీ నుంచి భౌతికశాస్త్రంలో పుచ్చుకున్నది బి.ఏ. పట్టా. నోబెల్ బహుమతి పొందిన భౌతికశాస్త్రవేత్త డిగ్రీ బి.ఏ. అని చెబితే మా అమ్మాయి నమ్మలేదు, రెండు పుస్తకాలు చూపించాల్సి వచ్చింది.

కాబట్టి పాతకాలపు ఆర్ట్స్ కాలేజీ అంటే ‘మానవీయ శాస్త్రాల కాలేజీ’ అని అనువదించుకోకూడదు. అప్పుడు ఆర్ట్స్ అంటే చదువంతా. తరువాత సైన్సు వేరింటి కాపురం పెట్టింది, వాణిజ్యశాస్త్రం బయటికి పోయింది. మిగిలిన భాషలు, చరిత్ర, తత్వశాస్త్రం, రాజనీతి, ఆర్థికశాస్త్రాలకు పాత పేరు ఉండిపోయింది. ఉమ్మడి కుటుంబం విడిపోయాక పెద్దింట్లో మిగిలినవాళ్ల పరిస్థితి ఇది. ఇంటిపేరు వాళ్లదే, ఆస్తి మాత్రం అటూ ఇటూ పోయింది. ‘ఆర్ట్స్ పడిపోయింది’ అని బాధపడేవాళ్లు లెక్క వేసేటప్పుడు దీన్ని మరిచిపోతారు.

ఇంకొక చిన్న సంగతి. ఎఫ్.ఏ. దాకా, అంటే డిగ్రీకి ముందు మెట్టు దాకా చెప్పే కాలేజీని సెకండ్ గ్రేడ్ అనేవారు. బి.ఏ. దాకా చెబితే ఫస్ట్ గ్రేడ్. జమీందారులు పెట్టిన చాలా కాలేజీలు మొదట సెకండ్ గ్రేడ్‌వే. నాలుగు గదులు, ఒక పుస్తకాల బీరువా, ఇంగ్లీషు వచ్చిన ఇద్దరు ముగ్గురు మేష్టార్లు ఉంటే నడిచిపోయేవి. చదివినవాళ్లకు కచేరీలో గుమాస్తా పనో, బడిలో ఉపాధ్యాయ పనో దొరికేది. బరంపురంలో 1894లో తెలుగు కుటుంబంలో పుట్టి, తరువాత రాష్ట్రపతి అయిన వి.వి.గిరి చదువు తొలి రోజులు గడిచింది ఖల్లికోట కాలేజీలోనే.

శాఖ లేని శాస్త్రం

పర్లాకిమిడి గురించి మాట్లాడుతూ గిడుగు రామమూర్తి పంతులు దగ్గర ఆగకపోతే మా ఊళ్లో ఎవరూ క్షమించరు. ఆయన వల్లనే ఈ వ్యాసంలోని అసలు ప్రశ్న నాకు తట్టింది కాబట్టి నేను కొంచెం ఎక్కువసేపే ఆగుతాను.

ఆయన 1863 ఆగస్టు 29న వంశధార ఒడ్డున పర్వతాలపేటలో పుట్టారు. విజయనగరంలో చదువుకున్నారు, గురజాడ అప్పారావు సహాధ్యాయి. 1880లో పర్లాకిమిడి రాజాగారి బడిలో ఉపాధ్యాయుడిగా చేరారు. ఉద్యోగం చేస్తూనే ప్రైవేటుగా చదివి బి.ఏ. పాసయ్యారు. చరిత్ర చెప్పేవారు. చరిత్ర చెప్పే మేష్టారు ముఖలింగం గుడిలోని శాసనాలు చదవాలనుకోవడంలో వింత లేదు. లిపి చదవడం సొంతంగా నేర్చుకుని, తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం ముఖలింగమేనని వాదించారు.

వింత ఆ తరువాతది. ఊరికి ఎగువన కొండల మీద సవరలు ఉంటారు. సంతకు దిగి వస్తారు, పోతారు. వాళ్ల భాష తెలుగుకు గానీ ఒడియాకు గానీ చుట్టం కాదు. ముండా కుటుంబానికి చెందినది, దాని జ్ఞాతులు ఉత్తరాన సంతాలీ, ఇంకా దూరంగా ఆగ్నేయాసియాలో ఖ్మేర్ వంటివి. ఆ భాష వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని, తిండి పెట్టి, జీతమిచ్చి రామమూర్తిగారు సవర నేర్చుకున్నారు. తెలుగు లిపిలో సవర వాచకాలు రాశారు. సవర పిల్లలకు బడులు పెట్టించారు. 1911లో ఉద్యోగం నుంచి విరమించాక కూడా ఆ పని వదల్లేదు. 1931లో ఆయన సవర వ్యాకరణం మద్రాసులో అచ్చయింది, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు వచ్చింది. ఒక మనిషి ఒక భాషకు యాభై ఏళ్లు ఇచ్చాడు.

ఇక్కడ ఒక్కసారి ఆ కాలేజీ స్థితి తలుచుకోండి. అందులో భాషాశాస్త్ర శాఖ లేదు. మానవశాస్త్ర శాఖ లేదు. ఎం.ఏ. లేదు, పరిశోధన లేదు, గ్రాంటు లేదు. సెకండ్ గ్రేడ్ కాలేజీ. విశ్వవిద్యాలయం వందల మైళ్ల దూరంలో మద్రాసులో ఉంది, దాని దృష్టిలో ఈ మేష్టారు పరీక్షలకు పిల్లలను తయారుచేసే మనిషి. ఈ సరిహద్దు జిల్లాల్లో మానవీయ శాస్త్రాలలో జరిగిన అతి పెద్ద పని ఏ ఫ్యాకల్టీలోనూ జరగలేదు. ఆయన కుమారుడు సీతాపతి కూడా అదే దారిలో నడిచారు.

వ్యావహారిక భాష గురించి ఆయన చేసిన పోరాటమూ తరగతి గదిలోంచే పుట్టింది. 1907 ప్రాంతంలో ఆ ఆలోచనకు ఊపు ఇచ్చినవారిలో జె.ఏ.యేట్స్ అనే పాఠశాలల తనిఖీ అధికారి ఒకరు. పిల్లవాడు ఇంట్లో ఒక తెలుగు మాట్లాడి, బడిలో ఎవరూ మాట్లాడని తెలుగు రాయవలసి రావడం ఎందుకు అన్నది ప్రశ్న. అది క్రమంగా పరీక్షల్లో వ్యాసరచన ఏ తెలుగులో ఉండాలన్న గొడవగా మారి, మద్రాసు దాకా వెళ్లింది. దూరంగా ఉన్న ఒక కార్యాలయం ఏ భాషకు మార్కులు వేస్తుంది అన్నదే అప్పుడూ తగువు. పాత్రలు మారినా మా సరిహద్దులో ఆ తగువు తెగలేదు.

పటం మారినప్పుడల్లా

1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం చట్టం వచ్చింది. గంజాం, విశాఖపట్నం జిల్లాల కాలేజీలు మద్రాసు నుంచి దాని కిందికి వచ్చాయి. మొదట బెజవాడలో ఉన్న కార్యాలయం 1930లో వాల్తేరుకు చేరింది. మరుసటి ఏడాది ఉపాధ్యక్షుడిగా, అంటే వైస్ ఛాన్సలర్‌గా, సర్వేపల్లి రాధాకృష్ణన్ వచ్చారు, ఆర్ట్స్ శాఖలు పాఠాలు మొదలుపెట్టాయి. మద్రాసుతో పోలిస్తే ఇది పెద్ద మార్పు. ఇక విశ్వవిద్యాలయం పరీక్షలు పెట్టి ఊరుకునేది కాదు, తానే ఎం.ఏ. చెబుతుంది, పరిశోధన చేయిస్తుంది. తెలుగులో దానికి పెట్టుకున్న పేరు విశ్వకళాపరిషత్తు. ఆ పేరులో ‘కళ’ ఉందంటే నాటకాలూ చిత్రలేఖనమూ అనుకోకండి. మన భాషలో కళ అంటే విద్య కూడా. ఆర్ట్స్ అన్న మాటకు అంతకంటే మంచి అనువాదం నాకు ఇంకా కనబడలేదు.

పర్లాకిమిడి తెలుగువాడికి వాల్తేరు చేరువ. నౌపడా దాకా చిన్న రైలు, అక్కడ పెద్ద రైలు ఎక్కితే చాలు. మా తాతయ్య తరానికి అది స్వర్ణయుగంలా కనిపించిందంటే అర్థం చేసుకోగలను. కానీ అదే కాలేజీలో, అదే బెంచీ మీద కూర్చున్న ఒడియా కుర్రవాడికి ఎలా కనిపించి ఉంటుంది? తెలుగు నేల కోసం, తెలుగువాళ్ల కోరిక మీద పుట్టిన విశ్వవిద్యాలయంలో అతను పరీక్ష రాయాలి. గంజాం కచేరీల్లో, బడుల్లో తెలుగు ఉద్యోగులు నిండిపోయారన్నది ఒడియాల పాత ఫిర్యాదు. అది ఉత్త అపోహ కాదు. 1903లో ఉత్కళ సమ్మేళనం మొదలైంది, 1913లో బాపట్లలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. రెండూ అడిగింది ఒకటే, మా భాషకు మా కార్యాలయం కావాలని. రెండు కోరికలూ న్యాయమైనవే. రెండూ ఒకే జిల్లా మీద వాలడమే చిక్కు.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. గంజాంలో పెద్ద భాగం, కోరాపుట్ అంతా అందులోకి వెళ్లాయి. పర్లాకిమిడి జమీందారీ రెండుగా చీలింది. ఊరు ఒరిస్సాకు, పల్లెల్లో చాలాభాగం మద్రాసు రాష్ట్రానికి. ఈ ఊరు ఒరిస్సాలో చేరాలని గట్టిగా పట్టుబట్టినవారు మా రాజా కృష్ణచంద్ర గజపతి నారాయణదేవ్. ఊరు ఒరిస్సాలో చేరడాన్ని నిరసించి, తన జీవితమంతా గడిపిన చోటును వదిలి రాజమండ్రి వెళ్లిపోయినవారు గిడుగు రామమూర్తి. కాలేజీకి రాజాగారి పేరు ఉంది, ఊరి కీర్తికి మేష్టారి పేరు ఉంది. ఇద్దరినీ గౌరవించడం మాకు వచ్చు. ఇద్దరినీ ఒకే వాక్యంలో మెచ్చుకోవడమే కొంచెం కష్టం.

రాష్ట్రం మారిన వెంటనే విశ్వవిద్యాలయం మారలేదు. కొత్త రాష్ట్రానికి సొంత విశ్వవిద్యాలయం లేదు. కటకంలోని రావెన్షా కాలేజీ పాట్నా విశ్వవిద్యాలయం కింద ఉండేది, దక్షిణాన మేము ఆంధ్ర కింద ఉండేవాళ్లం. ఒక రాష్ట్రం పిల్లలు రెండు పరాయి రాష్ట్రాల ప్రశ్నపత్రాలకు జవాబులు రాశారు. ఏడేళ్లు అలా నడిచాక 1943 నవంబరు 27న ఉత్కళ విశ్వవిద్యాలయం ఏర్పడింది. అప్పుడు ప్రధానమంత్రి పదవిలో ఉన్నది కృష్ణచంద్ర గజపతే. ఆ రోజుల్లో రాష్ట్ర ముఖ్యమంత్రిని ప్రధానమంత్రి అనేవారు. పాట్నా నుంచి ఉత్తరాది కాలేజీలు, ఆంధ్ర నుంచి దక్షిణాది కాలేజీలు వచ్చి ఒక గొడుగు కింద చేరాయి. బెంచీ మీద స్థానాలు తారుమారయ్యాయి. నిన్నటి దాకా ఒడియా కుర్రవాడు కూర్చున్న చోట, అంటే పరాయి భాష వాళ్ల విశ్వవిద్యాలయంలో ఒక మూల, ఇప్పుడు తెలుగు కుర్రవాడు కూర్చున్నాడు.

ఇక్కడ జయపురం కథ చెప్పకుండా ముందుకు పోలేను. కోరాపుట్ జిల్లా జయపురం మహారాజు విక్రమదేవ వర్మ ఒడియాలోనూ తెలుగులోనూ కవిత్వం రాసినవారు. ఆయన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు ఇచ్చారు. 1930లలో లక్ష! ఆ డబ్బుతో వాల్తేరులో నిలబడిన సైన్సు, టెక్నాలజీ కాలేజీకి ఆయన పేరే పెట్టారు. చూశారా, కవి ఇచ్చిన డబ్బు రసాయనశాస్త్రానికి వెళ్లింది. జయపురంలో మాత్రం కాలేజీ 1947 దాకా రాలేదు. విక్రమదేవ్ పేరుతో వచ్చిన ఆ కాలేజీ ఇటీవలే విశ్వవిద్యాలయం అయింది. వాల్తేరులో ఆ పేరు చూసిన తెలుగు విద్యార్థుల్లో ఎందరికి ఆ రాజు ఊరు ఇప్పుడు ఒడిశాలో ఉందని తెలుసో!

భంజవిహారం

ఉత్కళ విశ్వవిద్యాలయం మొదట కటకంలో రావెన్షా కాలేజీ ఆవరణలోనే నడిచింది. తరువాత భువనేశ్వర్‌లో వాణీవిహార్ కట్టారు. 1963లో దాన్ని ప్రారంభించింది రాధాకృష్ణన్. ముప్ఫై ఏళ్ల క్రితం వాల్తేరులో ఉపాధ్యక్షుడు, అప్పుడు రాష్ట్రపతి. దక్షిణాది వాళ్లకు మాత్రం ఎం.ఏ. అంటే దూరప్రయాణమే. ఆ కొరత తీర్చడానికి 1966లో ఒరిస్సా శాసనసభ రెండు చట్టాలు చేసింది. పశ్చిమాన సంబల్‌పూర్‌కు ఒకటి, దక్షిణాన బరంపురానికి ఒకటి. అలా 1967 జనవరిలో మా విశ్వవిద్యాలయం మొదలైంది. బరంపురం ఊరికి పది పన్నెండు కిలోమీటర్ల దూరంలో, గోపాల్‌పూర్ సముద్రం గాలి తగిలే చోట ఉన్న ఆవరణకు ఒడియా కవి ఉపేంద్రభంజ పేరు మీద భంజవిహార్ అని పేరు.

కొత్త విశ్వవిద్యాలయానికి రెండు పనులు. భంజవిహార్‌లో పీజీ శాఖలు నడపడం ఒకటి, గంజాం నుంచి కోరాపుట్ దాకా పరుచుకున్న డిగ్రీ కాలేజీలకు సిలబసు ఇచ్చి పరీక్షలు పెట్టడం రెండు. మొదటి పని కళ్లకు కనిపిస్తుంది, రెండవది బలాన్ని తినేస్తుంది. పరీక్షలు, ఫలితాలు, పునర్మూల్యాంకనం, కోర్టు కేసులు, ప్రతి అనుబంధ విశ్వవిద్యాలయం కథా ఇదే. 1992లో కోరాపుట్ నాలుగు జిల్లాలైంది, గంజాం నుంచి గజపతి విడివడింది. జిల్లాలు పెరిగాయి, కాలేజీలు ఇంకా వేగంగా పెరిగాయి.

ఆ కాలేజీలలో ఎక్కువవాటి ముందు తలుపు ఆర్ట్స్. కారణం ఆదర్శం కాదు, ఖర్చు. రసాయనశాస్త్రానికి గ్యాసు, బల్లలు, ఆమ్లాలు, అటెండరు కావాలి. చరిత్రకు సుద్దముక్క చాలు. ఊరి పెద్దలు చందాలేసుకుని పెట్టిన కాలేజీ ముందు చరిత్ర, రాజనీతి, ఆర్థికశాస్త్రం, ఒడియా, ఎడ్యుకేషన్‌లతో తెరుచుకుంటుంది. అధ్యాపకులు నామమాత్రపు జీతంతో ఏళ్ల తరబడి ఎదురుచూస్తారు, ఎయిడెడ్ అయితే, అంటే జీతం ప్రభుత్వమే ఇస్తే, ఒక మెట్టు, బ్లాక్ గ్రాంట్, అంటే ఏకమొత్తంగా కొంత సాయం, వస్తే అర మెట్టు. గుణుపురం వైపు కొండ పల్లెల నుంచి వచ్చిన సవర, కంధ పిల్లల్లో మొదటి తరం డిగ్రీ చదువు ఇలాంటి గదుల్లోనే జరిగింది. మానవీయ శాస్త్రాల విస్తరణ అని మనం పేరు పెట్టే దానిలో సగం ఈ సుద్దముక్క లెక్కే. దాన్ని తక్కువ చేసి మాట్లాడటానికి నాకు నోరు రాదు.

ఈ మధ్య మళ్లీ పంపకాలు మొదలయ్యాయి. 2009లో కోరాపుట్ దగ్గర సునాబేడాలో కేంద్రీయ విశ్వవిద్యాలయం వచ్చింది. అక్కడ ఒడియాతో పాటు మానవశాస్త్రం, సమాజశాస్త్రం శాఖలున్నాయి. 2015లో ఖల్లికోట కాలేజీ మరికొన్నింటితో కలిసి క్లస్టర్ విశ్వవిద్యాలయమైంది, తరువాత యూనిటరీ అయింది. క్లస్టర్ అంటే ఇరుగుపొరుగు కాలేజీలు అధ్యాపకులను, ల్యాబులను పంచుకునే ఉమ్మడి ఏర్పాటు. యూనిటరీ అంటే వేరే కాలేజీల బరువు లేకుండా తన పిల్లలకు తానే చెప్పి, తానే పట్టా ఇచ్చేది. 1857లో విడదీసిన పాఠాన్నీ ముద్రనూ నూట యాభై ఏళ్ల తరువాత మళ్లీ ఒకే గదిలోకి తెచ్చారన్నమాట.

ఫారంలో ఒక గడి

ఇంత తిరుగుడులో తెలుగు ఎక్కడుంది? ప్లస్ త్రీ, అంటే మూడేళ్ల డిగ్రీ, దరఖాస్తులో చిన్న గడి ఒకటి ఉంటుంది, ఎం.ఐ.ఎల్. అని. ఆధునిక భారతీయ భాష అని అర్థం, మావాళ్లు గబగబా ‘ఎమ్మైయల్’ అంటారు. ఒడియా పిల్లలు ఒడియా రాస్తారు. తెలుగు పిల్లలు, కాలేజీలో తెలుగు చెప్పేవాళ్లుంటే, తెలుగు రాస్తారు. లేకపోతే ‘ఆల్టర్నేటివ్ ఇంగ్లీషు’. పదేళ్లపాటు ఇంట్లో, బజారులో, గుళ్లో తెలుగు మాట్లాడిన పిల్లవాడి ఆధునిక భారతీయ భాష ఇంగ్లీషు అవుతుంది. వినడానికి హాస్యంగా ఉంటుంది గానీ దాని వెనుక కుట్ర ఏమీ లేదు, లెక్క ఉంది. ఒక సరిహద్దు కాలేజీలో తెలుగు అధ్యాపకుడు విరమణ చేశారు. పోస్టు వెంటనే నిండలేదు. పిల్లలు వేరే పేపరు తీసుకున్నారు. రెండేళ్ల తరువాత ‘విద్యార్థులు లేరు’ కాబట్టి పోస్టు అవసరం లేదన్నారు. ఎవరినీ తప్పుపట్టలేని విధంగా ఒక శాఖ మూతపడుతుంది. సాహిత్యాన్ని ప్రధానాంశంగా చదవడం అటుంచి, ఒక పేపరుగా చదవడం కూడా అలా పోతుంది.

తల్లిదండ్రులదీ ఒక లెక్కే. ఒడిశా ప్రభుత్వ ఉద్యోగానికి ఒడియా చదవడం, రాయడం రావాలి. అందుకని పిల్లలను ఒడియా మీడియంలోనో, ఇంగ్లీషు మీడియంలోనో వేస్తారు. బడిలో తెలుగు లేనివాడు కాలేజీలో తెలుగు ఎందుకు ఎంచుకుంటాడు? మా చిన్నాన్న ఈ మాట అడిగితే నా దగ్గర సమాధానం లేకపోయింది.

సరే, గట్టు దాటి వెళ్లి చదువుకోవచ్చు కదా? పర్లాకిమిడి నుంచి ఆంధ్రప్రదేశ్‌లోని పాతపట్నం నాలుగు అడుగులు. ఎచ్చెర్లలో 2008 నుంచి అంబేద్కర్ విశ్వవిద్యాలయం ఉంది, వాల్తేరు ఎప్పటినుంచో ఉంది. అక్కడ 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎదురవుతుంది. ఆ ఉత్తర్వు ప్రకారం నూటికి 85 సీట్లు స్థానికులకు. అది రాయలసీమ, కోస్తా, తెలంగాణ మధ్య తగాదాలు తీర్చడానికి పుట్టిన నియమం. పర్లాకిమిడి పిల్లవాడు దాన్ని రాసినవాళ్ల ఊహలోనే లేడు. అందువల్ల ఒడిశాలో అతను అల్పసంఖ్యాక భాషవాడు, ఆంధ్రలో స్థానికేతరుడు.

భాష సంగతి కనీసం అందరికీ కనిపిస్తుంది. చరిత్ర శాఖలో జరిగేది ఇంకా సూక్ష్మం. తూర్పు గాంగులనే తీసుకోండి. వాళ్ల పాత రాజధాని ముఖలింగం ఇప్పుడు శ్రీకాకుళం జిల్లాలో ఉంది. పూరీ జగన్నాథాలయం కట్టించడం మొదలుపెట్టిన అనంతవర్మ చోడగంగ ఆ వంశంవాడే. భువనేశ్వర్ పాఠ్యపుస్తకంలో ఆ వంశం ఒడిశా వైభవం. విశాఖపట్నం పాఠ్యపుస్తకంలో అదే వంశం కళింగాంధ్ర చరిత్ర. రెండు పుస్తకాలూ తమ వైపు శాసనాలనే ఎక్కువ చదువుతాయి. ఆ రాజులకు మాత్రం సంస్కృతం, తెలుగు, ఒడియా మూడూ ఒకే కచేరీలో పనికొచ్చాయి. శాఖలను భాషల వారీగా, రాష్ట్రాల వారీగా విడగొట్టి పెట్టుకున్నాక, మూడు భాషల మధ్య బతికిన రాజ్యాన్ని చదవడానికి ఏ గది తలుపు తట్టాలి?

సవరకు కూడా ఇదే గతి. రామమూర్తిగారు దాన్ని తెలుగు లిపిలో రాశారు. సెరంగో కొండల్లో కెనడా నుంచి వచ్చిన బాప్టిస్టు మిషనరీలు రోమన్ లిపిలో రాశారు. ఒడియా బడుల్లో ఒడియా లిపిలో రాశారు. 1936లో, పటం మారిన ఆ ఏడాదే, మంగేయి గమాంగో అనే సవర పెద్ద 24 అక్షరాలతో సొంత లిపి చేశారు, ఒక్కొక్క అక్షరానికి ఒక్కొక్క దేవత. సోరంగ్ సోంపెంగ్ అనే ఆ లిపి 2012లో యూనికోడ్‌లోకి కూడా ఎక్కింది. కంప్యూటర్ దానికి చోటిచ్చింది. అమెరికా విశ్వవిద్యాలయాల భాషాశాస్త్రవేత్తలు 1960లలోనే వచ్చి ఆ భాష మీద పనిచేసి వెళ్లారు. మన దగ్గర అది ఒడియా శాఖది కాదు, తెలుగు శాఖది కాదు, ఇంగ్లీషు శాఖది అసలే కాదు. ఈ జిల్లాల్లో మానవీయ శాస్త్రాలకు లోటు ఎక్కడ అని అడిగితే నేను పోస్టుల సంఖ్య కంటే ముందు దీన్నే చూపిస్తాను. మన ఫ్యాకల్టీలు ఒక్కొక్క భాష కోసం పోరాడి తెచ్చుకున్నవి, కాబట్టి రెండు భాషల మధ్య ఉన్నది వాటికి కనబడదు. భాషాశాస్త్ర శాఖ లేని కాలేజీలో 1890లలో కనబడింది.

మా అమ్మాయి ఎం.ఏ. చరిత్రలో చేసింది. చిన్న పరిశోధన పత్రానికి ముఖలింగం శాసనాల్లో దీపదానాలను ఎంచుకుంది. ఎవరు ఎన్ని గొర్రెలు ఇచ్చారు, ఎవరు ఎన్ని మాడలు (బంగారు నాణేలు) ఇచ్చారు, నందాదీపం (గుడిలో ఆరని దీపం) ఎవరి పుణ్యానికి అన్న లెక్కలు. ముద్రితపాఠం తెలుగు అక్షరాల్లో ఉంది. ఆమెకు తెలుగు చదవడం వచ్చు, కానీ ఏ బడిలోనూ చెప్పలేదు, మా అమ్మ వంటింట్లో పలక మీద నేర్పింది. ఆమెకు దారి చూపిన ఆచార్యుడు కటకం వైపు ఒడియా ఆయన, గాంగుల చరిత్ర పుక్కిటపట్టినవాడు, తెలుగు లిపి రాదు. కాబట్టి నెల రోజులపాటు ప్రతి శనివారం ఆమె శాసనం పైకి చదివేది, ఆయన కళ్లు మూసుకుని వినేవాడు. ఏదో పాత మాట దగ్గరో, దాత ఊరి పేరు దగ్గరో ఆపి, ఆ ఊరు ఇప్పుడు ఎక్కడుందో చెప్పేవాడు. ఒకసారి ఆయన ఒక పేరు దగ్గర ఆపి మళ్లీ చదవమన్నాడట. మూడుసార్లు చదివించుకుని, “ఈ పేరు మా పొలం పక్క ఊరిది” అన్నాడట. ఆమె పటం తీసింది. అది మహానదికి ఇవతల ఉందో అవతల ఉందో తేల్చడానికి ఆ శనివారం సరిపోలేదు.